వడ్డీ, రిబా, వాటా: వైరా అప్పులూ ఉస్మానియా విద్వాంసులూ

ఖమ్మం నుండి కొత్తగూడెం, భద్రాచలం వైపు వెళ్లే దారిలో వైరా తగులుతుంది. మున్నేటిలో కలిసే వైరా ఏటికి అడ్డంగా నిజాం ప్రభుత్వం 1930 నాటికి జలాశయం నిర్మించింది. ఆ కట్ట పుణ్యమా అని మూడు రకాల సేద్యాలు ఒకదానినొకటి ఆనుకొని సాగుతూ వచ్చాయి. కాలువ కింద వరి మాగాణి. నీరెక్కని చోట పత్తి, మిరప, జొన్న పండే మెట్ట. ఇంకా తూర్పుకు పోతే అడవి, కోయ గూడేలు, చింతపండు, ఇప్పపువ్వు, తునికాకు. ఫలసాయాలు వేరైనా వీటన్నిటికీ ఒక ఇబ్బంది ఉమ్మడిది. డబ్బు పంటకు ముందు కావాలి. పంట తరువాత గాని చేతికి రాదు.

ఈ ఎడాన్ని ఎవరు పూడుస్తారు, ఏ షరతు మీద పూడుస్తారు, పంట పోతే ఆ నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? ఈ ప్రశ్నలను ధర్మశాస్త్రవేత్త వేసుకున్నాడు, ఆర్థిక శాస్త్రవేత్త వేసుకున్నాడు, మానవ శాస్త్రవేత్త వేసుకున్నాడు. అందరికంటె ఆలస్యంగా వాణిజ్యశాస్త్ర పరిశోధకుడు వచ్చాడు. వాణిజ్య పరిశోధన తనంత తాను పుట్టిన విద్య కాదు. దాని సామగ్రిలో చాలా భాగం ఆర్థిక శాస్త్రం నుండి, న్యాయశాస్త్రం నుండి, మనస్తత్వ, సమాజ శాస్త్రాల నుండి తెచ్చుకున్నదే. అరువు తెచ్చుకోవడం తప్పేమీ కాదు. విద్యలన్నీ అలాగే పెరిగాయి. అయితే ఒక శాస్త్రం నుండి మరొక శాస్త్రానికి భావన ప్రయాణించేటప్పుడు మాట సులభంగా ఏరు దాటుతుంది, ఆ మాటను పుట్టించిన ప్రశ్న మాత్రం తరచు అవతలి గట్టునే నిలిచిపోతుంది. అప్పు విషయంలో ఇది ఎలా జరిగిందో చూడటానికి దూరదేశాలకు పోనక్కరలేదు. హైదరాబాదు రాజ్యపు చివరి ముప్పై ఏళ్ల విద్యాచరిత్ర చాలు.

మాటల వలస

ముందు మాటల సంగతి. తెలంగాణ పల్లెలో లెక్కల పుస్తకం తెరిస్తే కనిపించే పదాలలో సగానికి పైగా అరబీ పుట్టుక గలవే. కౌలు అనేది ‘ఖౌల్’. అంటే మాట, ఇచ్చిన వాగ్దానం. కిస్తు, బాకీ, వసూలు, జమ, జామీను, కరారు, హక్కు అన్నీ ఆ తోవనే ఫారసీ కచేరీల గుండా తెలుగు నాలుకకు చేరాయి. ‘కర్జా’ కూడా అంతే. సర్కారు రైతుకు ఇచ్చే ‘తకావి’ అప్పు పేరులో బలం చేకూర్చడమనే అరబీ అర్థం దాగి ఉంది.

ఇన్ని మాటలు వచ్చినా అసలు మాట రాలేదు. అప్పు మీద పెరిగే సొమ్మును తెలుగువాడు వడ్డీ అనే అన్నాడు. ఇది సంస్కృత ‘వృద్ధి’ ప్రాకృతం గుండా వచ్చిన రూపం. వృద్ధి అంటే పెరుగుదల. అరబీలో ‘రిబా’ అన్న మాటకు ధాత్వర్థం సరిగ్గా అదే, పెరుగుదల. ఉర్దూలో వాడే ‘సూద్’ ఫారసీ పదం. దాని మూలార్థం లాభం, ప్రయోజనం. ఇంగ్లీషులో వాడే ‘ఇంటరెస్టు’ లాటిన్ న్యాయభాషలో నష్టపరిహారమనే అర్థం నుండి వచ్చింది. చర్చి నిషేధించిన వడ్డీకి అక్కడ ‘యూజురీ’ అనే వేరే పేరుండేది. అందువల్ల ఇంగ్లీషులో ‘రిబా’ను అనువదించేవారికి ఎప్పుడూ ఒక తగాదా ఉంటుంది: నిషేధం అన్యాయపు వడ్డీకేనా, వడ్డీ మాత్రానికా? ఆధునిక కాలపు వివాదాలలో కొంత భాగం ఈ రెండు పదాల మధ్య ఖాళీలోనే పుట్టింది. తెలుగులో అనువాదకుడికి ఆ ఖాళీ లేదు. రిబా అంటే వడ్డీ అని రాస్తే ధాతువుకు ధాతువు సరిపోతుంది. తీర్పు సంగతి పండితులది. భాష మటుకు ఇక్కడ తప్పించుకునే సందు ఇవ్వదు.

నాగు ధాన్యం, మూడు చూపులు

పల్లెలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పరు. నూటికి నెలకు ఇంత అని చెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే ఏడాదికి నూటికి ఇరవైనాలుగు. ధాన్యం అప్పుకు పద్ధతి వేరు. విత్తనాలకో, తిండికో తీసుకున్న గింజలకు కోతల నాడు సగం కలిపి ఇవ్వాలి. ఒక బస్తాకు బస్తాన్నర. దీనిని తెలంగాణలో ‘నాగు’ అంటారు.

ఈ నాగును ముగ్గురు పండితుల ముందు పెడితే మూడు మాటలు వస్తాయి. ఆర్థిక శాస్త్రవేత్త ముందు ధర అడుగుతాడు. నాట్ల నాడు బస్తా నూరు రూపాయలు, కోతల నాటికి డెబ్బై రూపాయలు అనుకుందాం. అప్పుడు తిరిగి ఇచ్చిన బస్తాన్నర విలువ నూట అయిదు రూపాయలే. గింజలలో నూటికి ఏభై అయినది రూపాయలలో నూటికి అయిదుగా తేలుతుంది. కాబట్టి నాగును చూడగానే దోపిడి అనరాదు, ధరల ఊపును చూడాలి అంటాడు. ఈ మాటలో నిజం ఉంది.

ఫిఖహ్ పండితుడికి ధరతో పని లేదు. అప్పుగా ఇచ్చిన వస్తువు తూచేదో కొలిచేదో అయితే అంతే వస్తువు తిరిగి రావాలి; ముందే షరతు పెట్టి ఎక్కువ తీసుకుంటే అది రిబా. బంగారం, వెండి, గోధుమ, యవలు, ఖర్జూరం, ఉప్పు అని హదీసులో వచ్చిన ఆరు వస్తువుల నియమాన్ని పోలికతో వరికీ వర్తింపజేస్తారు. అతను అడిగే ప్రశ్న రేటు గురించి కాదు, ఒప్పందం జాతి గురించి. ఇది అప్పా, అమ్మకమా, భాగస్వామ్యమా? అప్పే అయితే పెరుగుదల అడగరాదు. లాభం కావాలంటే నష్టంలో కూడా పాలు పంచుకునే ఒప్పందానికి రావాలి.

మానవ శాస్త్రవేత్త రేటునూ అడగడు, ఒప్పందాన్నీ అడగడు. ఇచ్చినవాడెవరు, పుచ్చుకున్నవాడు అతనికి ఇంకేమి బాకీ పడ్డాడు అని అడుగుతాడు. ధాన్యం ఇచ్చిన భూస్వామి పొలంలోనే అప్పు తీరేదాకా చాకిరీ చేసే భగేలాల సంగతి హైదరాబాదు ప్రభుత్వానికి తెలియనిది కాదు. 1936లో భగేలా ఒప్పందాలపై ఒక చట్టమే తెచ్చింది. బాకీదారుడు తన పంటను ఎవరికి అమ్మాలో, తన పిల్లవాడిని ఎవరి పశువుల వెంట పంపాలో కూడా ఆ అప్పే నిర్ణయిస్తున్నప్పుడు నూటికి ఏభయ్యా, అయిదా అన్న లెక్క చిన్నదైపోతుంది.

గోదావరికి అవతల

వైరా నిజాం ఏలుబడిలో ఉండగా గోదావరి అవతలి గట్టున ఉన్న భద్రాచలం మద్రాసు రాజధానిలోని ఏజెన్సీ ప్రాంతం. అది ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. ఆ ఏజెన్సీకి మద్రాసు ప్రభుత్వం 1917లో వడ్డీ, భూబదిలీల చట్టం తెచ్చింది. కొండజాతి వ్యక్తి చేసిన అప్పుపై ఏడాదికి నూటికి ఇరవైనాలుగుకు మించి వడ్డీ చెల్లదు. చక్రవడ్డీ చెల్లదు. అప్పును అడ్డం పెట్టుకొని పొందే మరే పక్క లాభమూ చెల్లదు. మొత్తం వడ్డీ అసలును మించరాదు.

ఈ నాలుగు నియమాలలో మొదటిది పల్లె లెక్కలోని ‘రెండు రూపాయల వడ్డీ’యే. చివరిది కొత్తది కాదు, మనుస్మృతిలోనే ఉన్నది. నగదు అప్పు రెట్టింపును మించి పెరగరాదన్న ఆ సూత్రాన్ని బ్రిటిషు న్యాయస్థానాలు ‘దామ్‌దుపట్’ పేరుతో కొన్ని ప్రాంతాలలో అమలు చేశాయి. రెట్టింపుల మీద రెట్టింపులుగా వడ్డీ తినడాన్ని ఖుర్‌ఆన్ ఆలి ఇమ్రాన్ సూరాలో నిషేధించిన సంగతి కూడా ఇక్కడ గుర్తుకు రాక మానదు, రెండు ధర్మాల తీర్పులు ఒకటి కాకపోయినా. ఇక మూడో నియమం మరీ ఆసక్తికరమైనది. ఏ ప్రయోజనమైనా లాగే అప్పు రిబాయేనన్నది ఫిఖహ్‌లో ప్రసిద్ధమైన సూత్రం. మద్రాసు చట్టం రాసినవారు ఫిఖహ్ గ్రంథాలు తిరగేశారని చెప్పడానికి ఆధారమేమీ లేదు. ఒకే రకం మోసం ఎదురైన చోట వేర్వేరు విద్యలు ఒకే గట్టు కట్టాయి.

ఆ మోసం ఎలాంటిదో అడవి అంచున ఉన్నవారికి వివరించనక్కరలేదు. వర్తకుడు వానల్లో కొంత సొమ్ము ఇస్తాడు, వడ్డీ లేదంటాడు. పంట మాత్రం తనకే, తాను చెప్పిన ధరకే ఇవ్వాలంటాడు. పైకి చూస్తే ఇది ఫిఖహ్ అనుమతించిన ‘సలమ్’ వంటిదే: వెల ముందు, సరుకు తరువాత. మదీనాలో ఖర్జూర రైతులు చేసిన ఒప్పందమే. కాని సలమ్‌కు షరతులున్నాయి: సరుకు ఎంత, ఎలాంటిది, ఎప్పుడు, ఏ ధరకు అన్నవి ముందే తేలాలి, వెల పూర్తిగా అక్కడికక్కడే చెల్లాలి. కోతల నాడు వర్తకుడు చెప్పేదే ధర అయినచోట మిగిలేది సలమ్ పేరు మాత్రమే. దీనినే ఆర్థిక శాస్త్రజ్ఞులు చాలా ఆలస్యంగా కనిపెట్టారు. అమిత్ భాదురి 1973లో ప్రచురించిన వ్యాసంలో భూమి, అప్పు ఒకే చేతిలో ఉన్నప్పుడు సేద్యం ఎందుకు వెనుకబడి ఉంటుందో చూపారు. ఆ తరువాత ‘ముడివడిన మార్కెట్లు’ అనే పేరుతో ఒక పెద్ద సాహిత్యమే పుట్టింది. 1917 నాటి చట్టంలో ఒక చిన్న పదబంధంగా ఉన్నది 1970, 80లలో సిద్ధాంతమైంది.

ఒకే కప్పు కింద

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వెలువడింది, ఆ ఏడే అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడింది. ఒక భారతీయ భాషలో ఆధునిక విద్యలన్నీ బోధించాలన్న సంకల్పం అది. అందువల్ల అనువాదకుల బల్ల మీద ప్రతి శాస్త్రమూ మరొక శాస్త్రాన్ని కలుసుకోక తప్పలేదు. ఆర్థిక శాస్త్రాన్ని ఏమని పిలవాలి? యువకుడిగా ఇక్బాల్ లాహోరులో రాసిన గ్రంథానికి ‘ఇల్ముల్ ఇఖ్తిసాద్’ అని పేరు పెట్టాడు. ఉస్మానియాలో ఆ విద్యను బోధించిన ముహమ్మద్ ఇల్యాస్ బర్నీ తన గ్రంథానికి ‘ఇల్ముల్ మయీషత్’ అన్నాడు. ఇఖ్తిసాద్‌లో మితం, మధ్యేమార్గం అన్న ధ్వని ఉంది. మయీషత్ అంటే జీవిక, బతుకుతెరువు. అరబీ ప్రపంచం మొదటిదాన్ని నిలుపుకుంది. హైదరాబాదులో ‘మఆషియాత్’ స్థిరపడింది. పేరులోనే దృక్పథం ఉందనడం అతిశయోక్తి కావచ్చు గాని, బతుకుతెరువు అనే మాటతో తరగతి మొదలుపెట్టినవాడికి ధర ఒక్కటే విషయం కాలేదు.

ఈ విశ్వవిద్యాలయంలో మూడు భిన్నమైన శిక్షణలు పొందిన ముగ్గురు ఒకే సమస్య మీదికి వచ్చారు. దేవ్‌బంద్‌లో చదివిన మౌలానా మనాజిర్ అహసన్ గీలానీ దీనియాత్ శాఖాధిపతి. జామియా నిజామియాలో మతవిద్య, ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివి బాన్, పారిస్ విశ్వవిద్యాలయాల నుండి డాక్టరేట్లు పొందిన ముహమ్మద్ హమీదుల్లాది అంతర్జాతీయ న్యాయం. అన్వర్ ఇక్బాల్ ఖురేషీ ఆర్థిక శాస్త్ర శాఖాధిపతి.

హమీదుల్లా 1936లో ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికంలో మౌలిక ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారాన్ని గూర్చి, అందులోనూ శ్రమ స్థానాన్ని గూర్చి వ్యాసం రాశారు. ఆ పత్రికను 1927లో హైదరాబాదులోనే పిక్తాల్ సంపాదకత్వంలో ప్రారంభించారు. ‘ఇస్లామీయ అర్థశాస్త్రం’ అన్న పేరుకు తొలి అడుగులు వెతికే చరిత్రకారులు ఆ వ్యాసం దగ్గర ఆగుతారు. అంతకంటె విలువైనది ఆయన 1944లో వడ్డీలేని అప్పుల సంఘాల మీద రాసినది. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల నుండి హైదరాబాదు నగరంలో సభ్యుల చందాలతో, పొదుపుతో, వడ్డీ తీసుకోకుండా అప్పులిచ్చే సంఘాలు నడిచాయి. ప్రభుత్వ ఉద్యోగుల మధ్య కూడా ఉండేవి. ఆచరణ ముందు పుట్టింది, సిద్ధాంతం వెనుక వచ్చింది. న్యాయశాస్త్రజ్ఞుడు గ్రంథాలయం విడిచి సంఘాల లెక్కలు చూడడం వల్లనే ఈ సంగతి లోకానికి తెలిసింది. ఆయన దానిని 1955లో జర్మనీకి చెందిన ఒక పత్రికలో మరింత వివరంగా నమోదు చేశారు.

ఖురేషీ దారి వేరు. 1946లో లాహోరులో వెలువడిన ఆయన ఇంగ్లీషు గ్రంథం ఇస్లామునూ వడ్డీ సిద్ధాంతాన్నీ ఎదురెదురుగా నిలబెట్టింది. దానికి పీఠిక రాసినది సయ్యద్ సులైమాన్ నద్వీ, అంటే మదరసా పండితుడు. వడ్డీకి పాశ్చాత్య ఆర్థికవేత్తలు ఇచ్చిన సమర్థనలను ఒకటొకటిగా పరీక్షించి, అవి ఒకదానినొకటి ఖండించుకుంటున్నాయని చూపడం ఖురేషీ పద్ధతి. అందుకు కాలం కూడా అనుకూలించింది. కీన్స్ 1936 నాటి తన ప్రధాన గ్రంథంలో మధ్యయుగపు వడ్డీ వ్యతిరేక చట్టాలను మళ్లీ సానుభూతితో చూశాడు. మతాచార్యుల మాటను ఆర్థికవేత్తలు మూఢత్వమని కొట్టిపారేసిన రోజులు పోయి, ఆర్థికవేత్తయే దానిలో తర్కం వెతికిన రోజులు వచ్చాయి. గీలానీ ‘ఇస్లామీ మఆషియాత్’ 1947లో వచ్చింది.

ఇక్కడ ఒక తీర్పు చెప్పక తప్పదు. ఖురేషీ ఆర్థికవేత్తలకు వారి భాషలోనే జవాబు చెప్పారు, అది అవసరం కూడా. కాని జవాబు ఎదుటివాడి ప్రశ్నకే కదా. వడ్డీ లేకపోతే పొదుపు ఉంటుందా, పెట్టుబడి ఉంటుందా అన్నది ఆర్థికవేత్త ప్రశ్న. ఆ ప్రశ్న చుట్టూ తిరిగేకొద్దీ చర్చ నగదు మీదికి, బ్యాంకు మీదికి పోయింది. నష్టం ఎవరిది అన్న ఫిఖహ్ ప్రశ్న వెనుకపడింది. బస్తాన్నర ధాన్యం, భగేలా చాకిరీ ఆ చర్చలో ముందు వరుసకు రాలేదు.

అవి తెలియనివి కావు. ఎస్. కేశవ అయ్యంగార్ 1929-30లో రాజ్యంలోని గ్రామాల ఆర్థిక స్థితిని పరిశోధించి అయిదు సంపుటాలు ప్రచురించాడు. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోదావరి ఒడ్డున కొండరెడ్ల మధ్య పనిచేసి 1945లో గ్రంథం తెచ్చాడు. అదే ఏడు ఆదివాసుల స్థితిపై నాలుగు నివేదికలు ఒక సంపుటంగా వెలువడ్డాయి. వాటిలో భూములు, అప్పులు, వడ్డీ వ్యాపారులు ప్రతి చోటా కనిపిస్తారు. నిజాం ప్రభుత్వ సలహాదారుగా ఉంటూనే ఆయన ఉస్మానియాలో మానవ శాస్త్రం బోధించాడు. అంటే వడ్డీని గూర్చిన సిద్ధాంతం, వడ్డీలేని సంఘాల లెక్కలు, అడవి అంచున అప్పుల వాస్తవం – మూడూ ఒకే విశ్వవిద్యాలయంలో, ఒకే దశాబ్దంలో సిద్ధంగా ఉన్నాయి. వాటిని కలిపి కుట్టే వ్యవధి దొరకలేదు.

1948 సెప్టెంబరు తరువాత ఆ గుంపు చెదిరిపోయింది. ఐక్యరాజ్య సమితికి వెళ్లిన హైదరాబాదు ప్రతినిధి వర్గంలో ఉన్న హమీదుల్లా పారిస్‌లోనే ఉండిపోయారు. ఖురేషీ పాకిస్తాన్ వెళ్లారు. హైమన్‌డార్ఫ్ 1949లో లండన్ చేరాడు. గీలానీ 1956లో బీహారులోని స్వగ్రామంలో కన్నుమూశారు. ఉస్మానియాలో బోధనా మాధ్యమం ఇంగ్లీషుకు మారింది. మాటల బల్ల ఖాళీ అయింది.

వాటా కథ

పొలం నుండి కంపెనీ దాకా నడిచిన భావన ఒకటి ఉంది: వాటా. మాగాణిని పాలుకు ఇవ్వడం, అంటే పండినదానిలో సగమో మూడో వంతో భూమి గలవాడికి కొలవడం, ఎంత పాతదో చెప్పనక్కరలేదు. ఫిఖహ్‌లో దీని పేరు ‘ముజారఆ’. ఇమామ్ అబూ హనీఫా దీనిని ఒప్పుకోలేదు. పండుతుందో లేదో తెలియని దానిలో భాగం కూలిగా చెప్పడం నిర్ణయం లేని కూలి అవుతుందన్నది ఆయన అభ్యంతరం. ఆయన శిష్యులే అయిన అబూ యూసుఫ్, ముహమ్మద్ షైబానీ ఒప్పుకున్నారు. ఖైబర్ భూములను మహాప్రవక్త (స) సగం ఫలసాయం మీద సాగుకు ఇచ్చిన దృష్టాంతం వారి ఆధారం. లాభనష్టాలలో ఇద్దరూ ఉండడమే వారికి ప్రధానం. హనఫీ సంప్రదాయంలో ఆచరణ శిష్యుల మాట మీదే నడిచింది.

దాదాపు పదకొండు శతాబ్దాల తరువాత ఇంగ్లండులో మార్షల్ 1890లో ఇంచుమించు అదే పొలం గట్టున నిలబడి వేరే ప్రశ్న వేశాడు. సగమే తనకు దక్కుతుందని తెలిసిన రైతు పూర్తి మనసుతో శ్రమిస్తాడా? శ్రమించడు, కాబట్టి పాలు పద్ధతి వెనుకబాటుకు కారణమన్నాడు. 1969లో స్టీవెన్ చుంగ్ ఆ మాటను కాదన్నాడు. ఒప్పందపు షరతులు సరిగా ఉంటే నష్టమేమీ లేదన్నాడు. 1974లో స్టిగ్లిట్జ్ రెండు మాటలనూ కలిపాడు: పాలు పద్ధతి రైతు శ్రద్ధను కొంత తగ్గిస్తుంది, అదే సమయంలో పంట పోయే భయాన్ని ఇద్దరికీ పంచుతుంది. నిలకడ లేని వానల దేశంలో అది అవివేకం కాదు. అబూ యూసుఫ్ మాటకూ అబూ హనీఫా మాటకూ చెరొక పాలు దక్కినట్లే, ఆయనకు ఆ సంగతి తెలియకపోయినా.

పని చేసేవాడొకడు, సొత్తు మరొకడిది అయినప్పుడు ఒప్పందం ఎలా ఉండాలన్న ఈ తర్కానికి దగ్గరి చుట్టం 1976లో జెన్సెన్, మెక్లింగ్ కంపెనీల మీద రాసిన వ్యాసం. అక్కడ రైతు స్థానంలో మేనేజరు, భూస్వామి స్థానంలో వాటాదారుడు. వాణిజ్య కళాశాలల్లో ఇది నేడు ప్రతి విద్యార్థి చదివే పాఠం. దాని వెనుక మాగాణి గట్టు ఉన్నదని ఏ పాఠమూ చెప్పదు. 1986లో అంతర్జాతీయ ద్రవ్యనిధికి చెందిన మొహసిన్ ఖాన్ వడ్డీలేని బ్యాంకును ఇదే పరికరంతో పరిశీలించాడు. డిపాజిట్‌దారు వాటాదారుడి వంటివాడైతే కుదుపు వచ్చినప్పుడు బ్యాంకు కూలిపోకుండా సర్దుకోగలదని చూపాడు. ఈ రాక మంచిదే. ఫిఖహ్ ప్రశ్న, నష్టం ఎవరిది అన్నది, చాలా కాలానికి ఆర్థిక శాస్త్రపు గణితంలోకి తిరిగి ప్రవేశించింది.

ఆచరణ మాత్రం మరొక వైపు నడిచింది. జర్మనీలో చదువుకున్న అహ్మద్ నజ్జార్ అక్కడి పొదుపు బ్యాంకులను చూసి 1963లో ఈజిప్టులోని మీత్ గమర్‌లో వడ్డీలేని పొదుపు సంస్థను పెట్టాడు. జర్మనీ రైతుల సహకార పరపతి నమూనానే అంతకు ముందు 1890లలో ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి నివేదించాడు. దాని ఫలితంగా 1904 నాటి సహకార చట్టం వచ్చింది. ఒకే జర్మన్ పల్లె నుండి రెండు దారులన్నమాట. 1975లో దుబాయిలో వాణిజ్య బ్యాంకు వెలిసింది, 1976లో మక్కాలో తొలి అంతర్జాతీయ ఇస్లామీయ అర్థశాస్త్ర సమావేశం జరిగింది. ఆ తరువాత బ్యాంకులలో ఎక్కువ చెలామణి అయినది వాటా కాదు, ‘మురాబహా’: సరుకు కొని లాభం కలిపి వాయిదాల మీద అమ్మడం. ఒప్పందం జాతి అమ్మకమే గనుక నియమం నిలిచింది. నష్టం పంచుకోవడం మాత్రం చాలా వరకు జారిపోయింది. దీన్ని విమర్శించినవారిలో ఆ రంగంలో పనిచేసిన పండితులే ఎక్కువ.

తిరిగి ఖమ్మం వైపు

1954లో వెలువడిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం దేశంలో రైతు చేసే అప్పులో ప్రభుత్వం ఇచ్చింది నూటికి 3.3, సహకార సంఘాలు ఇచ్చింది 3.1. వడ్డీ వ్యాపారుల వాటా డెబ్బైకి దగ్గర. తరువాతి యాభై ఏళ్లలో బ్యాంకులు వచ్చాయి, మహిళా సంఘాలు వచ్చాయి, వాటి వెంటనే సూక్ష్మరుణ కంపెనీలు వచ్చాయి. సభ్యులు ఒకరికొకరు జామీను ఉండే గుంపు అప్పును 1990లో స్టిగ్లిట్జే సిద్ధాంతీకరించాడు. పొరుగువారికే ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది గనుక పర్యవేక్షణ చవుక అన్నాడు. వాణిజ్య పరిశోధన ఆ తర్కాన్ని కళ్లకద్దుకుంది. అదే జామీను వాయిదా తప్పినప్పుడు పొరుగువారి గుమ్మంలో అవమానంగా మారుతుందని మానవ శాస్త్రవేత్త ముందే చెప్పి ఉండేవాడు. అతన్ని ఎవరూ అడగలేదు. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కంపెనీలపై ఆర్డినెన్సు తెచ్చింది. వసూలు చేసే మొత్తం వడ్డీ అసలును మించరాదన్నది ఆ శాసనంలో ఒక నియమం. మనువు చెప్పినదీ, 1917లో భద్రాచలం ఏజెన్సీకి రాసినదీ అదే.

2004లో సంఘాలకు ‘పావలా వడ్డీ’ వచ్చింది, నూటికి నెలకు పావలా. 2012 నుండి ‘వడ్డీలేని రుణం’ వచ్చింది. ఇది హమీదుల్లా 1944 వ్యాసంలోని ఉర్దూ పేరుకు మాటకు మాట అనువాదం. వస్తువు మాత్రం అది కాదు. బ్యాంకు తన వడ్డీ తాను తీసుకుంటుంది. సకాలంలో కట్టిన సంఘం తరఫున ఖజానా దానిని చెల్లిస్తుంది. ఆర్థికవేత్త దీన్ని సబ్సిడీ అంటాడు, పుచ్చుకున్న మనిషికి భారం తగ్గింది గదా అంటాడు. ఫిఖహ్ పండితుడు ఒప్పందం మారలేదంటాడు. ఇద్దరి మాటా నిజమే. అసలైన వడ్డీలేని బ్యాంకింగును 2008లో రఘురాం రాజన్ అధ్యక్షతన పనిచేసిన కమిటీ పరిశీలించదగినదన్నది. రిజర్వు బ్యాంకు దానిని ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు 2017లో వెల్లడైంది.

వైరా ఆయకట్టులో పాలుకో, రొక్కపు కౌలుకో దున్నేవాడికి ఈ రెండు దారులూ తిన్నగా తెరుచుకోవు. బ్యాంకు పట్టా అడుగుతుంది, పట్టా భూమి గలవాడి పేర ఉంటుంది. 2011లో కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం చేశారు. భూయజమాని హక్కుకు భంగం లేదని అందులోనే రాశారు. అయినా కౌలు నోటిమాటగానే సాగుతుంది. ఆ మాటకు అరబీలో అర్థం అదే గదా. కార్డు లేనివాడు మిరప నారు పోసే రోజుల్లో సొమ్ము కోసం వర్తకుడి దగ్గరికే వెళతాడు. వర్తకుడు ఇస్తాడు, పంట తన కొట్టుకే తోలమంటాడు. చెల్లు కట్టేది ఖమ్మం మార్కెట్టులో ఆ రోజు పలికిన ధర మీదనా, ఆయన చెప్పిన ధర మీదనా అన్నది ఇచ్చిన రోజున తేలదు, తోలిన రోజున తేలుతుంది.